టైప్ 92: చైనా ఆరు చక్రాల ఉభయచర సాయుధ శకటం – తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు టైప్ 92 అంటే ఏ బండి?

చైనా ప్రభుత్వ రంగ ఆయుధ సంస్థ నోరిన్కో తయారు చేసిన ఆరు చక్రాల సాయుధ శకటం ఇది. ఫ్యాక్టరీ నంబరు డబ్ల్యూజెడ్551. 1980ల్లో రూపుదిద్దుకుని 1990ల్లో చైనా సైన్యం చేతికి వచ్చింది. ఆరు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందుతుంది కాబట్టి 6×6 అంటారు. బరువు మోడల్‌ను బట్టి దాదాపు 13 నుంచి 15 టన్నులు. పొడవు 6.65 మీటర్లు, వెడల్పు 2.8 మీటర్లు. రోడ్డు మీద గంటకు 85 కి.మీ. దాకా పోతుంది, ట్యాంకు నిండా డీజిల్ పోస్తే 800 కి.మీ. వస్తుంది. నీటిలో మాత్రం గంటకు 8 కి.మీ. మించదు. చదివేవాళ్లు చాలామంది ఆ ఆఖరి అంకెను దాటేసి వెళ్లిపోతారు. ఈ బండి ఏం చేయగలదు, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది తెలియాలంటే ముందు చూడాల్సింది దాన్నే.

జెడ్‌ఎస్‌ఎల్-92, డబ్ల్యూజెడ్551, టైప్ 92... ఇన్ని పేర్లు ఎందుకు?

డబ్ల్యూజెడ్551 కర్మాగారం పెట్టుకున్న నంబరు, జెడ్‌ఎస్‌ఎల్-92 సైన్యం పెట్టిన పేరు. ఆ మూడు అక్షరాలూ చైనీస్ మాటల మొదటి అక్షరాలే. జెడ్ అంటే ఝ్వాంగ్‌జ్యా, కవచం. ఎస్ అంటే షూసోంగ్, రవాణా. ఎల్ అంటే లున్‌షీ, చక్రాలది. తర్వాతి తరం బండి పేరు జెడ్‌బీఎల్-08లో ఎస్ పోయి బీ వచ్చింది. బీ అంటే బూబింగ్, కాల్బలం. ఈ నాలుగు అక్షరాలు గుర్తుంటే చైనా చక్రాల శకటాల పేర్లు సగం అర్థమైనట్టే.

ఒక్క మెలిక ఉంది. జెడ్‌ఎస్‌ఎల్-92 పేరులో 'రవాణా' ఉన్నా దాని మీద 25 మి.మీ. ఫిరంగి ఉన్న టరెట్ (చుట్టూ తిరిగే ఆయుధ గోపురం) ఉంటుంది. కేవలం మనుషులను మోయడానికి చేసిన 92ఏ రకానికి 12.7 మి.మీ. మెషిన్‌గన్ పెట్టారు. ఫొటోలో ఏది ఏదో తేల్చుకోవాలంటే పేరును పక్కనపెట్టి టరెట్‌ను చూడండి.

లోపల ఎవరు ఎక్కడ కూర్చుంటారు?

ముందు ఎడమవైపు డ్రైవర్, కుడివైపు కమాండర్. డ్రైవర్ వెనక ఇంజిన్ గది, దాని పక్కనుంచి వెనక్కి వెళ్లడానికి సన్నటి దారి. వెనక భాగమంతా సైనికులది. సిబ్బంది ముగ్గురు కాక మరో తొమ్మిది మంది పడతారు. దిగేది వెనక తలుపు నుంచి. ముందు రెండు పెద్ద అద్దాలు, యుద్ధంలో వాటి మీదికి దించడానికి ఉక్కు రెక్కలు ఉంటాయి.

ఈ అమరిక చూడగానే ఫ్రాన్స్ వాళ్ల వీఏబీ శకటం గుర్తొస్తుంది. పోలిక నిజమే. కానీ వీఏబీలో ఎక్కువ భాగం నాలుగు చక్రాలవి, నీటిలో జెట్‌లతో కదులుతాయి. టైప్ 92కు ఆరు చక్రాలు, నీటిలో వెనక రెండు ప్రొపెల్లర్లు.

ఇంజిన్ గురించి చెప్పండి. గాలితో చల్లబడే ఇంజిన్ ఎందుకు పెట్టారు?

జర్మనీ డాయిట్జ్ కంపెనీ డిజైన్, బీఎఫ్8ఎల్413ఎఫ్. చైనా లైసెన్సు మీద తయారు చేసుకుంది. పేరులోనే వివరం ఉంది: బీ అంటే టర్బో, 8 అంటే సిలిండర్లు, ఎల్ అంటే జర్మన్‌లో లుఫ్ట్, గాలి. 320 హార్స్‌పవర్. 15 టన్నుల బండికి టన్నుకు 21 హార్స్‌పవర్ చొప్పున వస్తుంది, రోడ్డు మీద చురుగ్గా పోవడానికి అది చాలు.

గాలితో చల్లబడే ఇంజిన్‌కు రేడియేటర్, నీళ్ల పంపు, గొట్టాలు ఉండవు. తూటా తగిలి రేడియేటర్ కారిపోయే బాధ లేదు, చలి ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టే బాధ లేదు. కానీ సిలిండర్ల చుట్టూ ఉండే సన్నటి రెక్కల మధ్య దుమ్ము, గడ్డి, నూనె కలిసి అట్ట కడితే ఒకటి రెండు సిలిండర్లు మాత్రమే వేడెక్కుతాయి. సగటు ఉష్ణోగ్రత చూపే మీటరులో అది సరిగ్గా తెలియదు. పవర్ తగ్గిందని ఇంజెక్టర్లు విప్పే ముందు ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూసి, రెక్కలను గాలి కొట్టి శుభ్రం చేయాలి. నూనె కారి తడిసిన రెక్కలైతే దుమ్ము మళ్లీ వారంలోనే పడుతుంది కాబట్టి ముందు ఆ లీకును ఆపాలి.

15 టన్నుల ఉక్కు నీటి మీద ఎలా తేలుతుంది?

బరువు ఎంతో అంత నీటిని పక్కకు నెడితే తేలుతుంది. 15 టన్నుల బండి 15 ఘనపు మీటర్ల మంచినీటిని నెట్టాలి. అందుకే ఈ బండ్ల పెట్టె పెద్దగా, లోపల డొల్లగా ఉంటుంది. ఉప్పునీరు బరువెక్కువ కాబట్టి సముద్రంలో 14.6 ఘనపు మీటర్లు సరిపోతాయి. టైర్లు కూడా సాయపడతాయి, ఆరు పెద్ద గాలి టైర్లంటే ఆరు బెలూన్లు కట్టినట్టే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. బండిని పైనుంచి చూస్తే 6.65 × 2.8, అంటే సుమారు 18.6 చదరపు మీటర్లు. దీన్ని పెట్టె అనుకుంటే, అదనంగా ఎక్కించే ప్రతి టన్నుకూ బండి 5.4 సెం.మీ. కిందికి దిగుతుంది. నిజమైన పెట్టె మూలలు కోసుకుని ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే దిగుతుంది. రెండు టన్నుల అదనపు కవచం బిగిస్తే 11 సెం.మీ. పోయింది. నీటి మట్టానికీ ఇంజిన్ గాలి జాలీకీ మధ్య ఉండే జానెడు మూరెడు ఎత్తులోంచే ఆ 11 సెం.మీ. పోతుంది. తేలడం ఒకసారి డిజైన్‌లో పెట్టేస్తే శాశ్వతంగా ఉండిపోయే గుణం కాదు. ప్రతి కొత్త పలక, ప్రతి ఇసుక బస్తా, ప్రతి అదనపు మందుగుండు పెట్టె దానిలోంచి కొంత తీసుకుపోతుంది.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నదీ చూడాలి. టరెట్ పైన ఉంటుంది, బండి కప్పు మీద సామాన్లు కట్టడం సైనికులకు అలవాటు. బరువు పైకి పోయేకొద్దీ పక్కకు ఒరిగినప్పుడు మళ్లీ లేచే బలం తగ్గుతుంది. నీటిలోకి దిగే ముందు కప్పు మీది సామాను లోపలికి, కిందికి మార్చడం అందుకే.

నీటిలో కదిలేది చక్రాలతోనా?

ప్రధానంగా కాదు. వెనక కుడి ఎడమల వలయంలో అమర్చిన రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. చుట్టూ ఉన్న వలయం వల్ల తోపు పెరుగుతుంది, ఒడ్డున రాయికి తగిలి రెక్క విరగకుండా కాపాడుతుంది కూడా. ముందు మడతపెట్టి ఉండే పలకను నీటిలోకి దిగే ముందు లేపుతారు. ముక్కు దగ్గర లేచే అల డ్రైవర్ అద్దాల మీదికి, ఇంజిన్ జాలీల వైపు ఎక్కకుండా అది పక్కలకు నెడుతుంది. పలక లేపడం మరిచి వేగం పెంచితే ముక్కు కిందికి వాలి నీళ్లు కప్పు మీదికి వస్తాయి.

ఇంజిన్ పవర్ పెంచితే నీటిలో 8 కి.మీ. కంటే వేగంగా పోదా?

కొంచెం పోతుంది, దండిగా కాదు. నీటిని చీల్చుకుంటూ పోయే ఏ పడవకైనా దాని పొడవును బట్టి ఒక హద్దు ఉంటుంది. 6.65 మీటర్ల పెట్టెకు అది గంటకు దాదాపు 11.6 కి.మీ. ఆ దగ్గరికి వచ్చేసరికి బండి తాను లేపిన అల గుంతలోనే కూరుకుని దాన్ని ఎక్కలేక ఆగిపోతుంది. పైగా వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. చదరపు ముక్కు, వేలాడే ఇరుసులు, ఆరు చక్రాలు నీటిని ఈడ్చుకుపోతాయి కాబట్టి ఆ హద్దు దాకా కూడా చేరలేదు.

దీన్ని దాటాలంటే పడవలా నీటిపైకి లేచి జారాలి. చైనా నౌకాదళ మెరైన్ల కోసం చేసిన జెడ్‌బీడీ-05 అదే చేస్తుంది. అది ట్రాకుల బండి, అంటే ట్యాంకులా చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీల మీద నడిచేది. ముందు, వెనక పలకలు చాచి, ట్రాకులు పైకి లాక్కుని, నీటి జెట్‌లతో గంటకు 25 కి.మీ. దాటుతుంది. దానికోసం పెట్టిన ఖర్చు, ఇంజిన్, బరువు వేరే లెక్క.

నది దాటే ముందు సిబ్బంది ఏం చూడాలి?

ఇక్కడ తొందర పనికిరాదు. వరుస ఇది:

1. పెట్టె అడుగున నీళ్లు తీసే మూతలన్నీ బిగించారా? కడిగినప్పుడు తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోవడం అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. 5 సెం.మీ. రంధ్రం మీటరు లోతులో తెరిచి ఉంటే నిమిషానికి 300 లీటర్లకు పైగా లోపలికి వస్తాయి.
2. వెనక తలుపు రబ్బరు సీలు చేత్తో తడిమి చూడండి. చిన్న ఇసుక రేణువు, గడ్డిపోచ ఇరుక్కున్నా సీలు లేస్తుంది. మీటరు పొడవునా ఒక్క మిల్లీమీటరు లేస్తే పది చదరపు సెం.మీ. రంధ్రంతో సమానం. అరమీటరు లోతులో అది నిమిషానికి సుమారు 110 లీటర్లు. పది నిమిషాల్లో టన్ను దాటుతుంది.
3. నీళ్లు తోడే పంపులు తిప్పి చూడండి, శబ్దం విని ఊరుకోకుండా. పైపు బయటి చివర నీళ్లు పడుతున్నాయా లేదా అన్నది కంటితో చూడాలి. లోపలి జాలీకి అడ్డం పడేవి గుడ్డపేలికలు, ప్లాస్టిక్ కవర్లు, ఎండుగడ్డి.
4. ప్రొపెల్లర్లు ఒడ్డునే కొద్దిగా తిప్పి చూడాలి. రెండూ తిరగాలి. ఒకటే తిరిగితే బండి నీటిలో గుండ్రంగా తిరుగుతుంది.
5. ముందు పలక లేపి తాళం వేయాలి. టరెట్ ముందుకు తిప్పి బిగించాలి.
6. మనుషులను రెండు పక్కలా సమానంగా కూర్చోబెట్టాలి. పై మూతలు తాళం వేయకుండా ఉంచాలి. సీటు బెల్టులు విప్పాలి. లోపల పొడుగు తుపాకులు దారికి అడ్డం పడకుండా సర్దాలి.
7. దిగే చోటు, ఎక్కే చోటు రెండూ నడిచి చూసి ఎంచుకోవాలి. దిగడం తేలికే, ఎక్కడమే కష్టం.

దిగేటప్పుడు తక్కువ గేరు, నెమ్మది వేగం. ఏటవాలు గట్టు మీంచి వేగంగా దూకితే ముక్కు మునిగి, బండి తేలేలోపే నీళ్లు మీదికొస్తాయి.

ప్రవాహం ఉంటే ఎంత కిందికి కొట్టుకుపోతుంది?

లెక్క సులువు. గంటకు 8 కి.మీ. అంటే సెకనుకు 2.2 మీటర్లు. వంద మీటర్ల వెడల్పు నది దాటడానికి 45 సెకన్లు. ప్రవాహం సెకనుకు ఒక మీటరు ఉంటే అవతలి ఒడ్డు చేరేసరికి 45 మీటర్లు కిందికి జరిగి ఉంటారు. అందుకే ఎక్కే చోటు దిగువన ఎంచుకుంటారు. ముక్కు ఎగువకు తిప్పి నిలదొక్కుకోవాలని చూస్తే అవతలికి పోయే వేగం తగ్గి నీటిలో ఉండే సమయం పెరుగుతుంది. ప్రవాహం సెకనుకు రెండు మీటర్లు దాటితే బండి వేగం, నది వేగం దాదాపు సమానం. అప్పుడు దిగకపోవడమే తెలివైన పని.

ఒడ్డు ఎక్కేటప్పుడు ఎందుకు ఇరుక్కుంటాయి?

ముందు చక్రాలు నేలను తాకుతాయి, వెనక భాగం ఇంకా తేలుతూ ఉంటుంది. అంటే బరువు చక్రాల మీదికి పూర్తిగా రాదు, బరువు లేని చక్రానికి పట్టు ఉండదు. డ్రైవర్ కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు బురదలో గుంత తవ్వుకుంటాయి. ప్రొపెల్లర్లు ఆపకుండా, చక్రాలను తక్కువ గేరులో నెమ్మదిగా తిప్పుతూ, వెనక చక్రాలు నేల తాకేదాకా అలాగే నెట్టుకురావాలి. చాలామంది ముందు చక్రాలు తగలగానే ప్రొపెల్లర్లు ఆపేస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది. టైరు గాలి ముందే తగ్గించి ఉంటే నేల మీద ఆనిక పెరిగి పట్టు దొరుకుతుంది. కానీ గట్టు ఎక్కాక మళ్లీ గాలి నింపకుండా రోడ్డు మీద వేగంగా పోతే టైరు గోడలు వేడెక్కి చిరుగుతాయి.

నీటిలోంచి బయటికొచ్చాక?

బ్రేకులు తడిసి ఉంటాయి, నెమ్మదిగా పోతూ పదేపదే తొక్కి ఆరబెట్టాలి. అడుగు మూతలు తీసి నీళ్లు వదలాలి. ఇరుసులు, గేర్‌బాక్సు నూనె చూడాలి. మజ్జిగలా తెల్లగా మారితే నీళ్లు కలిశాయి, అదే రోజు మార్చాలి. గ్రీజు పెట్టే చోట్లన్నిటా పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. ఉప్పునీటిలో దిగితే మంచినీటితో కడగడం తప్పదు. కరెంటు కనెక్టర్లలో పచ్చగా కిలుం పట్టడం మొదలయ్యాక దాన్ని ఆపడం కష్టం.

ఈ బండి సముద్రంలో దిగగలదా?

ప్రశాంతమైన ఉప్పునీటిలో తేలుతుంది. కానీ ఓడ నుంచి తీరానికి అలలను ఎదుర్కొంటూ రావడం దీని పని కాదు. దక్షిణ చైనాలో అడుగడుగునా ఉండే నదులు, కాలువలు, వరి పొలాల మధ్య వంతెన కోసం ఆగకుండా పోవడానికే ఈ శక్తి ఇచ్చారు.

తేలికగా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి వేరే దేశం ఉదాహరణ ఉంది. 2020 జులై 30న కాలిఫోర్నియా తీరంలో సాన్ క్లెమెంటే దీవి దగ్గర అమెరికా మెరైన్ల ఉభయచర శకటం ఒకటి మునిగిపోయింది. అది ట్రాకుల బండి, సముద్రం కోసమే చేసింది. లోపల 16 మంది ఉంటే తొమ్మిది మంది చనిపోయారు. సంరక్షణ లోపాల వల్ల నీళ్లు లోపలికి రావడం, పంపులు సరిగా తోడలేకపోవడం, మనుషులను బయటికి పంపడంలో ఆలస్యం, శిక్షణ లోపాలు విచారణలో బయటపడ్డాయి. పైన రాసిన జాబితాలో ఒక్క అంశం కూడా లాంఛనం కోసం రాసింది కాదు.

కవచం ఎంత గట్టిది?

వెల్డింగ్ చేసిన ఉక్కు. తుపాకీ తూటాలను, ఫిరంగి గుండు ముక్కలను ఆపడానికి చేసింది. భుజం మీంచి పేల్చే రాకెట్ గ్రెనేడ్‌ను ఆపదు. ఆర్‌పీజీ-7 మామూలు రకమే 250 మి.మీ. పైగా ఉక్కును చీలుస్తుంది, ఈ బండి గోడ మందం అందులో చాలా చిన్న వంతు. 2016 జులై 10న దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో పనిచేస్తున్న చైనా సైనికుల సాయుధ వాహనానికి రాకెట్ గ్రెనేడ్ తగిలి ఇద్దరు చనిపోయారు. ఈ తరగతి శకటాలన్నిటికీ ఉన్న బలహీనత ఇది. ఆపేంత కవచం వేస్తే తేలదు, తేలేంత తేలిగ్గా చేస్తే ఆపదు.

ఎవరెవరు కొన్నారు?

శ్రీలంక సైన్యం వాడింది. కెన్యా, ఒమన్, ఇంకా పలు ఆఫ్రికా దేశాలు తీసుకున్నాయి. అర్జెంటీనా కొద్ది బండ్లు మాత్రమే కొంది. విడిభాగాల విషయంలో డాయిట్జ్ ఇంజిన్ ఒక సౌకర్యం. ఆ 413 కుటుంబం లారీల్లో, ఇతర యంత్రాల్లో ప్రపంచమంతా తిరిగింది.

మన మెదక్‌లో తయారయ్యే బీఎంపీ-2తో పోలిస్తే?

ఒకప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2, 'శరత్', ట్రాకుల బండి. బరువు 14 టన్నుల పైచిలుకు, అంటే టైప్ 92కు దగ్గరే. అదీ ఈదుతుంది, నీటిలో గంటకు 7 కి.మీ. దానికి ప్రొపెల్లర్లు లేవు, ట్రాకులే తెడ్లలా నీటిని వెనక్కి నెడతాయి. విరిగేందుకు, నాచు చుట్టుకునేందుకు వేరే భాగం లేకపోవడం దాని గొప్ప. ఒడ్డు ఎక్కేటప్పుడు ట్రాకు పొడవునా నేలను పట్టుకుంటుంది కాబట్టి బురద గట్టు మీద దానిదే పైచేయి. తారు రోడ్డు మీద వందల కిలోమీటర్లు పోవాలంటే మాత్రం చక్రాల బండే నయం. ట్రాకులు అరుగుతాయి, ట్రైలర్ మీద ఎక్కించుకుపోవాలి. బురద ముఖ్యమా, దూరం ముఖ్యమా అన్నదాన్ని బట్టి ఎంపిక ఉంటుంది.

కొత్త జెడ్‌బీఎల్-08 దీని స్థానంలోకి వచ్చిందా?

చాలావరకు. అది ఎనిమిది చక్రాలది, 21 టన్నులు, నీటితో చల్లబడే 440 హార్స్‌పవర్ డాయిట్జ్ తరహా ఇంజిన్, 30 మి.మీ. ఫిరంగి. టన్నుకు 21 హార్స్‌పవర్, పాతదానికి సమానమే. నీటి వేగమూ అదే 8 కి.మీ. దీని పెట్టె పెద్దది కాబట్టి టన్ను ఎక్కిస్తే నాలుగు సెం.మీ. చిల్లరే దిగుతుంది. ఎగుమతి పేరు వీఎన్-1. థాయ్‌లాండ్ సైన్యం 2017లో 34 బండ్లకు ఒప్పందం చేసుకుంది, వెనెజువెలా మెరైన్లు కూడా కొన్నారు. ఇదే చట్రం మీద 105 మి.మీ. ఫిరంగి బండి జెడ్‌టీఎల్-11, 122 మి.మీ. హోవిట్జర్ వచ్చాయి.

ఫొటోలో రెండింటినీ ఎలా గుర్తుపట్టాలి?

చక్రాలు లెక్కపెట్టండి. ఆరు ఉండి, ముందు లారీకి ఉన్నట్టు రెండు అద్దాలు ఉంటే టైప్ 92 కుటుంబం. ఎనిమిది చక్రాలు, అద్దాలు లేని వాలు ముక్కు ఉంటే జెడ్‌బీఎల్-08 కుటుంబం. వెనకనుంచి తీసిన ఫొటో అయితే కింది మూలల్లో వలయాల మధ్య ప్రొపెల్లర్లు రెండింటికీ కనిపిస్తాయి, వాటిని బట్టి తేల్చకండి. ఆరు చక్రాల మీద పొడుగు 100 మి.మీ. ఫిరంగి కనిపిస్తే అది పీటీఎల్-02. చట్రం ఇదే అయినా పని వేరు, మనుషులను మోసే బండి కాదు.